పాతిక గజాల వీరుడికి నాలుగింతల కన్ను

శత్రువు నాలుగు వందల గజాల దూరంలో ఉంటాడు. ఎప్పుడూ అక్కడే ఉంటాడు. ముందుకు రాడు, వెనక్కి పోడు. డాలస్ శివారుల్లో, ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో రెండంతస్తుల ఇల్లు కొనుక్కున్న మన తెలుగు వీరుడు తన ఏఆర్-15 మీద ఏ స్కోపు బిగించాలా అని ఆలోచన మొదలుపెట్టిన రోజు నుంచీ ఆ శత్రువు వెలుతురు బాగా పడేచోట, కదలకుండా, ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. ఒకటే చిక్కు. వీరుడి పడగ్గది కిటికీలోంచి నాలుగు వందల గజాలు కొలుచుకుంటూ పోతే మధ్యలో ఓ ఇరవై ఇళ్లు అడ్డం వస్తాయి. అన్నీ చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టి లేపినవే. ఆ పలకల గోడ రైఫిల్ తూటాకు ఒక లెక్క కాదు. ఆ ఇళ్లలో సగం మనవాళ్లవి. వాటిలో ఒకదాంట్లో ఎప్పుడూ సత్యనారాయణ వ్రతం జరుగుతూనే ఉంటుంది.

ఇంతకీ తుపాకీ ఎలా వచ్చింది? అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాడు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. గ్రీన్‌కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. మనవాళ్ల గ్రీన్‌కార్డు వరస ఎంత పొడుగో చెప్పక్కర్లేదు. ఆ వరసలో నిలబడ్డవాడు ఆత్మరక్షణ సంగతి మనవలకు అప్పజెప్పాలి. అయితే అదే చట్టంలో ఓ సందుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చూపిస్తే ఆ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో కాపురం ఉంటున్నవాడికి ఆ లైసెన్సు 25 డాలర్లు. అంచేత కేకులో కోడిగుడ్డు ఉందేమోనని రెండుసార్లు అడిగి తెలుసుకునే మనిషి, కార్తీక సోమవారాలు తప్పనివాడు, ఒక శనివారం పొద్దున్న జింకల వేటగాడైపోయి ఇంటికొచ్చాడు. ఏ జింకకీ ఇంతవరకూ అతనివల్ల హాని జరగలేదు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. వేటకు వెళ్లేవాడికి తప్ప పరాయి దేశస్థుడికి తుపాకీ ఎందుకని తీర్మానించిన పెద్దల చమత్కారానికి మాత్రం దండం పెట్టాలి.

తుపాకీ కొనడం ఒక పూట పని. స్కోపు కొనడం ఒక వ్రతం. దీనికి ఎక్సెల్ షీట్ కావాలి. మనవాడు ఇల్లు కొన్నప్పుడు కూడా ఇన్ని కాలమ్స్ వేయలేదు. బరువు, పొడవు, ధర, వారంటీ, బ్యాటరీ ఎన్ని గంటలు, ఎంత లోతు నీళ్లలో మునిగితే పనిచేస్తుంది. ప్రాస్పర్‌లో అతను మునగడానికి కాలనీ ఈతకొలను తప్ప మరో నీళ్ల వసతి లేదు. అయినా ఆ కాలమ్‌కి పచ్చరంగు వేశాడు.

ఈ లోకంలో మూడు మతాలున్నాయి. మొదటిది రెడ్ డాట్. ఎర్రచుక్క కనిపిస్తుంది, చుక్కను మనిషి మీద పెట్టి కాల్చడమే. దూరాన్ని దగ్గర చేయదు. కావాలంటే వెనకాల ఓ భూతద్దం తగిలించుకుని, అక్కర్లేనప్పుడు పక్కకి మడుచుకోవచ్చు. రెండోది ఎల్‌పీవీఓ. ఒకటింతల నుంచి ఆరింతలకో ఎనిమిదింతలకో తిప్పుకునే గొట్టం. దీని భక్తులు అన్ని దూరాలకూ ఇదొక్కటే మోక్షమంటారు. మోక్షం బరువు గట్టిదే. పేరున్న ఆరింతల గొట్టం ఒకటి 610 గ్రాములు తూగుతుంది, దాన్ని పట్టుకునే మౌంటు బరువు వేరే. మూడోది ప్రిజం స్కోపు. మామూలు స్కోపులో ముందరి అద్దం బొమ్మను తలకిందులు చేస్తుంది, దాన్ని మళ్లీ నిటారుగా నిలబెట్టడానికి లోపల కటకాల వరస కావాలి, అందుకే గొట్టం పొడుగు. ఆ పనిని కటకాల బదులు పట్టకం చేత చేయిస్తే గొట్టం పొట్టిదవుతుంది. ఆరంగుళాల లోపు ముగుస్తుంది. మూడింతలో, నాలుగింతలో, అయిదింతలో, ఏదో ఒకటే. తిప్పేది లేదు, విరిగేది తక్కువ.

మన వీరుడు ప్రిజం మతంలో చేరాడు. ఎందుకు చేరాడో చెప్పమంటే అరగంట చెబుతాడు. కొండ ప్రాంతాల్లో పోరాటం అంటాడు, సైన్యం అనుభవం అంటాడు, లక్ష్యాన్ని గుర్తుపట్టడం అంటాడు. అసలు కారణం అతని ముక్కు మీదుంది. పదిహేనేళ్లుగా కంప్యూటర్ తెర ముందు కూర్చున్న ఆ కళ్లకు ఆస్టిగ్మాటిజం ఉంది. అలాంటి కంటికి రెడ్ డాట్‌లో చుక్క కనిపించదు, తోకచుక్క కనిపిస్తుంది. ఒక్కోసారి పిడికెడు తోకచుక్కలు. ప్రిజం స్కోపులో గురి గుర్తు అద్దం మీదే చెక్కి ఉంటుంది గనక, చాలావాటిలో వెనకాల చక్రాన్ని కంటికి తగ్గట్టు తిప్పుకోవచ్చు గనక, శుభ్రంగా కనిపిస్తుంది, బ్యాటరీ అయిపోయినా కనిపిస్తుంది. ప్రిజం కొనడానికి ఇంతకంటే మంచి కారణం ఇంకోటి లేదు. ఇది కంటి డాక్టరు పది నిమిషాల్లో తేల్చే ముచ్చట. కానీ “నాకు సైటుంది, అందుకని కొన్నా” అని ఏ వీరుడైనా నోరు తెరిచి అంటాడా?

పైగా ఈ మతానికి మూలపురుషుడున్నాడు. ట్రిజికాన్ అనే మిషిగన్ కంపెనీ 1987లో తెచ్చిన ఏకాగ్. నాలుగింతలు, ముందరి అద్దం 32 మిల్లీమీటర్లు. పగలు పైనున్న ఫైబర్ తీగ వెలుతురు తాగి గుర్తును వెలిగిస్తుంది, రాత్రి ట్రిటియం వెలిగిస్తుంది. బ్యాటరీ లేనే లేదు. కంపెనీ స్థాపించిన గ్లిన్ బిండన్ రెండు కళ్లూ తెరిచి కాల్చే పద్ధతినొకదాన్ని ప్రచారం చేశాడు, దానికి ఆయన పేరే పెట్టారు. అమెరికా మెరైన్లు ఇరాక్‌లో ఈ అద్దంతోనే యుద్ధం చేశారు. గట్టి సరుకు, సందేహం లేదు. కాకపోతే దాంట్లోంచి సరిగ్గా చూడాలంటే కన్ను అద్దానికి ఒకటిన్నర అంగుళం దగ్గరికి రావాలి. కళ్లజోడున్నవాడికి ఆ ఒకటిన్నరలో కళ్లజోడు వాటా పోను మిగిలేది ఏముంది? తుపాకీ వెనక్కి తన్నగానే కళ్లజోడు అద్దానికి ఏకాగ్ ముద్దు పెడుతుంది. ఎక్సెల్‌లో ఈ కాలమ్ ఉంది. ఎర్రరంగు పడింది. వీరుడు ఆ కాలమ్‌ని దాచేశాడు.

ఇక్కడ ఓ పాత గొడవ గుర్తు చేయాలి. 2010 జనవరిలో ఏబీసీ న్యూస్ బయటపెట్టిందేమిటంటే, అమెరికా సైన్యానికి అమ్మే ఈ స్కోపుల మీద, సీరియల్ నంబరు చివర, బుల్లి అక్షరాల్లో యోహాను 8:12, రెండవ కొరింథీయులు 4:6 అంటూ బైబిల్ వచనాల గుర్తులు కంపెనీ ఏళ్ల తరబడి చెక్కుతోందని. ముస్లిం దేశాల్లో యుద్ధం, చేతిలో సువార్త. గోల లేచాక కంపెనీ సైన్యం సరుకు మీద చెక్కడం మానేస్తానంది, ఉన్నవి చెరపడానికి సామగ్రి ఉచితంగా ఇస్తానంది. మన వీరుడికి పాత సరుకు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. విజయదశమి నాడు పూజగదిలో లాప్‌టాప్ పక్కన, టెస్లా తాళం కార్డు పక్కన దాన్నీ పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తూటా పోయే గొట్టం దగ్గర నిమ్మకాయ ఉంచాడు. యోహాను సువార్త మీద లక్ష్మీ కుంకుమ. ప్రపంచంలో సర్వమత సమానత్వం ఇంత పచ్చిగా ఇంకెక్కడైనా జరిగిందా?

అన్నట్టు, సైన్యాలు ఈ ఇంతల లెక్కలు ఎలా వేసుకున్నాయో చూడండి. ఆస్ట్రియా సైన్యం 1970ల చివర్లో స్టెయర్ ఆగ్ రైఫిల్ తీసుకుంటూ దాని మీద పర్మనెంటుగా బిగించిన స్కోపు ఒకటిన్నరింతలే. లోపల ఓ వలయం. 300 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి నిలువునా ఆ వలయంలో సరిపోతాడు. సరిపోతే కాల్చు, అంతే శిక్షణ. ఒక దేశం సరిహద్దు కాపలాకి ఒకటిన్నర చాలింది. ప్రాస్పర్‌లో సందు చివర చెత్తడబ్బాల కాపలాకి నాలుగు కూడా చాలడం లేదు.

మరి వీరుడి దోషమేనా అంతా? బజారు ఊరుకుంటుందా? 2022 జనవరిలో అమెరికా సైన్యం వోర్టెక్స్ కంపెనీకి ఓ కాంట్రాక్టు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదింతల అద్దం, దానిలోనే దూరం కొలిచే లేజర్, తూటా ఎంత కిందికి జారుతుందో లెక్కగట్టే కంప్యూటర్, దిక్సూచి. పదేళ్లలో రెండున్నర లక్షల దాకా, విలువ 270 కోట్ల డాలర్ల దాకా. ఆ వార్త రాగానే కిందటేడు కొన్న నాలుగింతల అద్దం ఇంట్లో సిగ్గుతో తలదించుకుంది. సైన్యం కొంటే మంచిదే అయ్యుంటుందన్న నమ్మకానికి విరుగుడుగా ఓ ఉదాహరణ ఉంది మరి. ఈయోటెక్ అనే మరో రకం గురి అద్దం చలిలో, తేమలో తేడా చేస్తుందని తెలిసీ సైన్యానికి చెప్పలేదన్న ఆరోపణ మీద, ఆ కంపెనీ 2015లో ప్రభుత్వానికి 2 కోట్ల 56 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. సైన్యం దగ్గర లాయర్లున్నారు. వీరుడి దగ్గర రిటర్న్ పాలసీ ఉంది, అదీ ముప్పై రోజులు.

ఇక మన సైన్యం సంగతి. మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని తర్వాత భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) తీసుకుంది. ఈ రోజుక్కూడా అక్కడ సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు చేస్తున్నారు. బందరు లడ్డూ తప్ప బందరు అద్దం సంగతి వీరుడికి తెలియదు. తెలిసినా లాభం లేదు, అవి అంగడి సరుకు కాదు. ఆ అద్దం అందుకున్న జవానుకి ఎంపిక అన్నదే లేదు. ఇచ్చింది తీసుకుంటాడు, మెడ మీద ఎండ కాస్తుంటే నేల మీద బోర్లా పడుకుని దాంతోనే గురి నేర్చుకుంటాడు. మన వీరుడికి ఎంపిక తప్ప ఇంకేం లేదు.

ఎట్టకేలకు శనివారం వచ్చింది. రేంజి అంటే ఏదో మైదానం అనుకునేరు. మాల్ పక్కన, ఏసీ హాలు, గీతలు గీసిన వరసలు, చివర కాగితం బొమ్మ. మొత్తం పొడవు 25 గజాలు. వీరుడు నాలుగు వందల గజాల అద్దంలోంచి పాతిక గజాల కాగితాన్ని చూశాడు. కాగితం పేపర్ మిల్లులో తయారైన వైనం కూడా కనిపించింది. కాల్చాడు. కన్నం గురికి అంగుళం కింద పడింది. మళ్లీ కాల్చాడు, మళ్లీ అంగుళం కిందే. అద్దం మీద అనుమానం వచ్చింది, మౌంటు మీద వచ్చింది, తూటాల బ్రాండు మీద వచ్చింది. సంగతేమిటంటే స్కోపు తుపాకీ గొట్టానికి దాదాపు రెండున్నర అంగుళాల ఎత్తున కూర్చుంటుంది. చూపు పైనుంచి పోతుంది, తూటా కిందనుంచి బయల్దేరుతుంది. రెండూ ఏ దూరంలో కలవాలో సరిచేసుకోవడమే జీరో చేయడం. 50 గజాలకు జీరో చేస్తే పాతిక దగ్గర తూటా ఇంకా కిందే ఉంటుంది. ఇంట్లో హాలు పొడవు, ఏడు గజాల దగ్గరైతే, రెండంగుళాలకు పైగా కిందుంటుంది. దొంగ వస్తే గిస్తే వచ్చే దూరం అదే. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, డబ్బు ఖర్చు లేదు. అందుకే దీన్ని ఎవరూ అమ్మరు.

వీరుడు ఏం చేశాడు? టరెట్ తిప్పి పాతిక గజాలకే సరిచేసుకున్నాడు. కన్నం నడిమధ్యలో పడింది. పక్క వరస తెల్లాయన బొటనవేలు చూపించాడు. అలా సరిచేసిన రైఫిల్ వంద గజాల దగ్గర అయిదారు అంగుళాలు పైకి కొడుతుంది. నాలుగు వందల గజాల శత్రువు బతికిపోయాడు. ఇంకా ఉంది. ఏకాగ్ అద్దంలో నిలువునా చెక్కిన దూరాల నిచ్చెన ఉంటుంది, మెరైన్ల కోసం అది రెండు రకాలు: 20 అంగుళాల గొట్టానికొకటి, 14.5 అంగుళాల గొట్టానికొకటి. వీరుడి గొట్టం 16 అంగుళాలు. అయినా ఫోటో బాగా వచ్చింది.

ఆ స్కోపు పెట్టిన డబ్బుకి, తూటా అర డాలరు చొప్పున, రెండువేల పైచిలుకు తూటాలు వస్తాయి. ఏడాది పొడుగునా వారం వారం సాధన చేయొచ్చు. సాధన ఫోటోలో పడదు గదా.

ఇప్పుడు అర్ధరాత్రి రెండు గంటలకు రండి. కింద వంటింట్లో చప్పుడైంది. ఇంట్లో మామగారున్నారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చి, మూడో వారం నడుస్తోంది, ఇంకా ఆయన నిద్ర విజయవాడ టైములోనే ఉంది. మంచినీళ్లకు లేచారు. వీరుడు రైఫిల్ అందుకున్నాడు. వంద గజాల దగ్గర 36 అడుగుల మేర కనిపించే అద్దంలో ఏడు గజాల దగ్గర కనిపించేది రెండున్నర అడుగులు. అందులో మామగారు పట్టరు. గళ్ల లుంగీ మాత్రం పడుతుంది, అదీ మసకగా. వచ్చింది దొంగో, ఆడపిల్లనిచ్చిన పెద్దమనిషో తేల్చాలంటే కావలసింది టార్చిలైటు. ఎక్సెల్ షీట్‌లో టార్చిలైటుకి కాలమ్ లేదు. ఆ షీట్‌లో లేని ఇంకోటి తుపాకీ పెట్టుకునే ఇనప్పెట్టె. దానికి బడ్జెట్ మిగల్లేదు. రైఫిల్ గదిలో అల్మారాలో, పట్టుచీరల సూట్‌కేసు వెనకాల ఉంది. పదేళ్ల కొడుక్కి ఆ సూట్‌కేసు పక్కకి జరపడం తెలుసు. తూటాలున్న తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి అది పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం. వేట లైసెన్సు చట్టం కంఠస్థం అయినవాడికి ఈ సెక్షన్ కంటబడలేదు.

“మరి అలెన్ సంగతేంటి?” అంటారు. నిజమే, ఆ మాటకు నవ్వడానికి వీల్లేదు. 2023 మే 6న, డాలస్ శివారు అలెన్‌లో, షాపింగ్ మాల్ దగ్గర ఒకడు ఏఆర్-15 రకం రైఫిల్‌తో ఎనిమిది మందిని చంపాడు. వాళ్లలో తెలంగాణ నుంచి వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న మన అమ్మాయి ఒకరు. ఆ తర్వాత చాలా ఇళ్లలో భయం చేరింది, ఆ భయాన్ని వెక్కిరించడం నా వల్ల కాదు. కానీ వాణ్ని ఆపింది వేరే పని మీద అక్కడికొచ్చిన ఓ పోలీసు అధికారి. ఆ రోజు మాల్‌కి వెళ్లినవాళ్ల చేతుల్లో ఉన్నవి షాపింగ్ సంచులు. ఇంటి అల్మారాలో ఉన్న ఏ రైఫిలూ, దాని మీదున్న ఏ అద్దమూ, ఆ మధ్యాహ్నం ఎవరికీ అక్కరకు రాలేదు. వచ్చే వీలూ లేదు. ఆ భయానికి మందు శాసనసభల్లో ఉంటుంది, అక్కడ దాన్ని అడిగేవాళ్లు లేరు గనక స్కోపుల అంగట్లో అమ్ముతున్నారు.

ఇంకో లెక్క ఉంది, దాన్ని ఏ కౌంటరు మీదా పెట్టరు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయినవాళ్లు 48,830 మంది. వాళ్లలో 26,328 మంది తమను తామే కాల్చుకున్నారు. సగానికి పైన. ఉద్యోగం పోయి, వీసాకి అరవై రోజుల గడువు మొదలై, ఇంటికి ఫోన్ చేయడానికి మొహం చెల్లని రాత్రి ఒకటి మనవాళ్ల జీవితాల్లో కొత్త కాదు. ఆ రాత్రి ఆ దూరానికి ఎన్నింతల అద్దం కావాలో ఎక్సెల్‌లో వేసి చెప్పమనండి.

చెప్పరు. ఆ వారమే మరో అద్దం విడుదలైంది. ఒకటి నుంచి పదింతలు. ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో, వాడిన డైనింగ్ టేబుల్‌కీ, హైదరాబాద్ వెళ్లేవాళ్లెవరైనా మందులు పట్టుకెళ్తారా అన్న విన్నపానికీ మధ్యలో, వీరుడి ప్రకటన వెలిసింది. “నాలుగింతల ప్రిజం స్కోపు అమ్మకానికి. ఒకే ఒక్కసారి రేంజికి తీసుకెళ్లినది. గీత లేదు, ఒరిజినల్ డబ్బా ఉంది. అమ్మడానికి కారణం: అప్‌గ్రేడ్. కుంకుమ మరక తుడిస్తే పోతుంది.”

నిమిషం తిరక్కుండానే మొదటి జవాబు. “అన్నా, ఫైనల్ ఎంత? నాకు వేట లైసెన్సు మంగళవారం వస్తుంది.”